అందరూ కన్నీళ్ళు పెట్టుకునే చోట నేను లేచి వెళ్ళిపోతున్నాను

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో, మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతపు పల్లె. పెళ్ళయి పదకొండేళ్ళుగా విజయనగరంలో ఉంటున్నాను. మా నాన్నగారు మూత్రపిండాల జబ్బుతో నాలుగేళ్ళు డయాలసిస్ మీద ఉండి కాలం చేశారు. మొదట విశాఖపట్నం, తర్వాత సోంపేట తీసుకువెళ్ళేవాళ్ళం. నా కిడ్నీ ఇస్తానన్నాను గాని ఆయన ఒప్పుకోలేదు. అప్పటికి మా పాపకు ఏడాది నిండలేదు. ఇప్పుడు మా ఇంట్లో రాత్రి భోజనాల వేళ ఒక సీరియల్ చూస్తున్నారు. అందులో అత్తగారికి కిడ్నీలు పాడైతే కోడలు తన కిడ్నీ ఇస్తుంది. ఆసుపత్రి దృశ్యాలు వచ్చినన్నాళ్ళూ నేనూ కూర్చుని చూశాను. కిడ్నీ ఇచ్చే కథ మొదలైన దగ్గర నుంచి నా వల్ల కావడం లేదు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోతున్నాను. మా అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ "కోడలంటే అలగుండాలి" అంటారు. నేను లేచినందుకు "ఏటమ్మా, నీకు మనసు నేదా?" అని కూడా అన్నారు. మావారు "అది కథే కదా, అంత పట్టించుకోవడం దేనికి" అంటారు. ఆయన మాత్రం సినిమాలో పనివాడి పాత్రకు మన యాస పెట్టి నవ్విస్తుంటే వెంటనే ఛానల్ మార్చేస్తారు. విచిత్రమేమంటే, నాన్నకు అన్నేళ్ళు సేవ చేసిన మా అమ్మ ఊళ్ళో అదే సీరియల్‌ను ఒక్క రోజు కూడా వదలకుండా చూస్తోంది. మొన్న మా పాప "అమ్మా, నువ్వు తాతయ్యకి కిడ్నీ ఎందుకివ్వలేదు?" అని అడిగింది. ఏమీ చెప్పలేకపోయాను. నాలో ఏదైనా లోపం ఉందా? మనసు గట్టి చేసుకుని చూడడం అలవాటు చేసుకోవాలా?

— ఒక సోదరి, విజయనగరం

సమాధానం: అమ్మా, మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ ముందే బదులు చెప్పేస్తాను. మీలో లోపం లేదు. ఆ సీరియల్‌ను పట్టుబట్టి చూసి అలవాటు చేసుకోవలసిన పనీ లేదు. అయితే మీ ఉత్తరం రెండోసారి చదువుతున్నప్పుడు ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆసుపత్రి దృశ్యాలు వచ్చినన్నాళ్ళూ మీరు కూర్చుని చూశారు. నాలుగేళ్ళపాటు తండ్రిని డయాలసిస్‌కు తిప్పిన కూతురికి ఆ మంచం, ఆ గొట్టాలు, ఆ యంత్రం కనబడగానే ప్రాణం విలవిలలాడుతుందని ఎవరైనా అనుకుంటారు. మీకు అలా జరగలేదు. కోడలు ముందుకు వచ్చి తన కిడ్నీ ఇస్తానన్న నాటి నుంచే మీరు అక్కడ కూర్చోలేకపోతున్నారు. కాబట్టి మిమ్మల్ని లేపుతున్నది మీ నాన్నగారి జబ్బు తాలూకు జ్ఞాపకం ఒక్కటే అని నేను అనుకోవడం లేదు. మీరు ఇవ్వబోయి ఇవ్వలేకపోయిన దాన్ని ఆ పాత్ర నాలుగు ఎపిసోడ్లలో ఇచ్చేసి, ఇంటిల్లిపాది చేతా శభాష్ అనిపించుకుంటున్నది. ఆ మెప్పును మీ అత్తగారి నోటి వెంట మీ ఇంట్లోనే వినవలసి వస్తున్నది. ఏ మనిషికైనా అది మామూలు పరీక్ష కాదు.

తెర ముందు కూర్చున్న పదిమందీ ఒకే బొమ్మను చూస్తున్నారని మనం అనుకుంటాం గాని, ఎవరి బతుకులో గడిచినదాన్ని బట్టి వారికి ఆ బొమ్మ వేరుగా కనబడుతుంది. మన ప్రాంతంలో దీనికి దూరం వెళ్ళి ఉదాహరణలు వెతకనక్కరలేదు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళి పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారుల్లో అత్యధికులు 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి స్వదేశానికి వచ్చారు. ఆ ఘటన ఆధారంగా తీసిన సినిమా 2025 ఫిబ్రవరిలో విడుదలైంది. పట్నంలో టికెట్ కొనుక్కున్న కుర్రవాడికి అది ప్రేమకథ, మంచి పాటలు, సముద్రం. వేటకు వెళ్ళిన మనిషి ఎప్పుడు తిరిగి వస్తాడో తెలియక ఏడాదికి పైగా ఎదురుచూసిన ఇల్లాలికి అదే సినిమా ఎలా ఉంటుందో ఆమె చెబితే తప్ప మనకు తెలియదు. ఆమె ఆ సినిమాను పదిసార్లు చూడవచ్చు, పోస్టరు కనబడినా ముఖం తిప్పుకోవచ్చు. రెండింటిలో ఏది చేసినా తప్పు పట్టడానికి మనమెవరం?

ఈ మాట మీ అమ్మగారికీ వర్తిస్తుంది. ఒకే ఇంటి కష్టం ఇద్దరిని రెండు వైపులకు నడిపించడం మీకు విచిత్రంగా తోచింది. కాని మీ ఇద్దరి కష్టమూ ఒకటి కాదు. ఆమె భర్తను పోగొట్టుకున్నది. వేసవిలో కూడా ఆయనకు గ్లాసులో నీళ్ళు కొలిచి ఇచ్చినది, డయాలసిస్ సూది గుచ్చడానికి రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసిన చేతితో బరువు ఎత్తవద్దని పోరు పెట్టినది, తెల్లవారకముందే లేచి బస్సెక్కించినది ఆమెయే అయి ఉంటుంది. చేయగలిగినదంతా చేశానన్న తృప్తి ఆమెకు ఉండవచ్చు. ఆ కథలో రోగి లేచి ఇంటికి రావడం చూసి, తన ఇంట జరగనిది ఎక్కడో ఒకచోట జరిగిందని ఆమె సంతోషిస్తున్నదేమో. ఇది నా ఊహ మాత్రమే. ఈసారి ఊరు వెళ్ళినప్పుడు ఆమె పక్కన కూర్చుని, ఆ సీరియల్‌లో నీకు ఏమి నచ్చుతోందమ్మా అని అడగండి. నిష్ఠూరం లేకుండా అడగండి. మీరు ఇన్నేళ్ళుగా మాట్లాడుకోని సంగతులు ఆ ప్రశ్న వెంట బయటికి రావచ్చు.

మీ వంటి ప్రేక్షకుల గురించి మన పెద్దలు ఆలోచించకపోలేదు. పది, పదకొండు శతాబ్దాల కాలంలో కాశ్మీరంలో ఉండిన అభినవగుప్తుడు భరతుని నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాస్తూ, ప్రేక్షకుడికి రసానుభవం కలగకుండా అడ్డుపడే విఘ్నాలు ఏడు అని లెక్క కట్టాడు. వాటిలో ఒకటి, మనిషి తన సొంత సుఖదుఃఖాలలో మునిగి ఉండడం. తన దుఃఖానికే వశమైపోయినవాడు రంగం మీది వారి దుఃఖంలో మనసు నిలపలేడని, ఆ విఘ్నాన్ని తొలగించడానికే నాటకంలో సంగీతమూ, రంగాలంకరణమూ వంటివి ఉన్నాయని ఆయన చెప్పాడు. (మన సీరియళ్ళలో ఒక్కొక్క ముఖాన్ని మూడేసి సార్లు దగ్గరగా చూపించి, వెనుక ఉరుములు మోగించడం ఆ విఘ్నాన్ని పోగొట్టడానికో పెంచడానికో ఆ మహానుభావుడే చెప్పాలి.) ఆయన దృష్టిలో మీ స్థితి రసాస్వాదనకు ఆటంకమే. దానికి నేను ఒక్క మాట చేరుస్తాను. ఆస్వాదించలేకపోయినంత మాత్రాన మీకు ఆ దృశ్యం అర్థం కాలేదని కాదు. ఆ గదిలో కూర్చున్న వారందరికంటే మీకే అది ఎక్కువ తెలుసు. మనసు లేకపోవడం వల్ల మీరు లేవడం లేదు. ఆ సంగతి మీ అత్తగారికి తెలిసే మార్గం మాత్రం ఇంతవరకు మీరు కల్పించలేదు.

ఇక ఆ కథలోని నిజానిజాల సంగతి. మీ కోపంలో కొంత న్యాయం ఉన్నది కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెబుతాను. డయాలసిస్ సాధారణంగా వారానికి రెండు మూడు సార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటల చొప్పున జరుగుతుంది. మూడుసార్ల లెక్కన నాలుగేళ్ళకు ఆరువందలు దాటుతాయి. తెర మీద అది ఒక్క దృశ్యం. కిడ్నీ ఇవ్వడమూ అలాంటిదే. రక్తపు గ్రూపు, కణజాలం సరిపోవడం చూడాలి, దాత మూత్రపిండాల పనితీరు, రక్తపోటు, చక్కెర అన్నీ పరీక్షించాలి. మార్పిడి జరిగిన తరువాత కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా జీవితాంతం మందులు వాడాలి. మరొక ముఖ్యమైన విషయం కూడా ఉన్నది. అవయవాల మార్పిడికి సంబంధించిన 1994 నాటి చట్టమూ, దానికి 2011లో చేసిన సవరణా దగ్గరి బంధువులంటే ఎవరో స్పష్టంగా చెబుతున్నాయి: భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకులు, కూతుళ్ళు, తోబుట్టువులు, తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, మనుమలు, మనుమరాళ్ళు. ఆ జాబితాలో కోడలు లేదు. కోడలు అత్తగారికి కిడ్నీ ఇవ్వకూడదని దీని అర్థం కాదు. ఇవ్వాలంటే ప్రత్యేక కమిటీ విచారించి, డబ్బు ప్రమేయమూ ఒత్తిడీ లేవని తేల్చుకుని అనుమతించాలి. కోడలి మీద ఇంట్లో ఎంత బరువు పెట్టగలరో చట్టం రాసినవారికి తెలుసు కాబోలు. "కోడలంటే అలగుండాలి" అన్న మాట విని మీరు నొచ్చుకోవడం అతి అని నేను అనను.

అయితే తప్పుగా చూపించడం వేరు, మనకు నొప్పి కలిగించడం వేరు. కథ తప్పయినా ఒకరికి ఊరట ఇవ్వవచ్చు, అక్షరాలా నిజమైనా మరొకరికి గాయాన్ని రేపవచ్చు. మీరు విజయనగరంలో ఉన్నారు కనుక గురజాడ అప్పారావుగారి మాట ఎత్తక తప్పదు. కన్యాశుల్కం నాటకం మొదట ఆడింది మీ ఊళ్ళోనే, 1892లో. అప్పటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో పిల్లకు డబ్బు తీసుకుని చేసిన శుల్క వివాహాల జాబితాను ఆనందగజపతి మహారాజు తయారు చేయించారని, అందులో 1,034 పెళ్ళిళ్ళు నమోదయ్యాయని, ఐదేళ్ళ వయసుకే పెళ్ళయిన పిల్లలు 99 మంది అని, ఏడాది నిండిన పసికందులు కూడా ముగ్గురు ఉన్నారని గురజాడవారు ఆ నాటకం పీఠికలో రాశారు. ఆ లెక్క తెలిసిన మనిషి రాసిన హాస్యం అది. ఆ ప్రదర్శనకు వచ్చిన వారిలో పిల్లను అమ్ముకున్న తండ్రి ఒక్కడైనా ఉండి ఉంటే, చుట్టుపక్కల వాళ్ళు నవ్వుతుంటే అతను ఎటు చూశాడో మనకు తెలియదు. నాటకం అతన్ని ఇబ్బంది పెట్టి ఉంటే అది నాటకం లోపం కాదు. మీ ఇంట్లో వచ్చే సీరియల్‌కు మాత్రం అంత గౌరవం ఇవ్వలేను. విషయం తెలుసుకోవడానికి అది కాస్త కూడా కష్టపడినట్లు మీరు చెప్పిన కథను బట్టి నాకు తోచలేదు. అయినా దాన్ని చూసి కన్నీళ్ళు పెట్టుకున్న మీ అత్తగారు తెలివితక్కువవారు కారు. పెద్ద వయసులో, తనకు జబ్బు చేస్తే ఎవరు చూస్తారన్న భయం చాలామందికి ఉంటుంది. ఆమె ఏడుపు ఆ భయానిది కూడా కావచ్చు. అప్పుడు "కోడలంటే అలగుండాలి" అన్న మాట మీకు వేసిన చురక కంటే ఆమె బెంగకే ఎక్కువ దగ్గరగా ఉంటుంది.

మీవారి సంగతి సులువు. "అది కథే కదా" అనే మనిషి, తెర మీద పనివాడో వాచ్‌మనో మన యాసలో మాట్లాడగానే రిమోట్ అందుకుంటున్నారంటే, కథ కథగా మాత్రమే ఉండిపోదని ఆయనకు బాగా తెలుసు. శ్రీకాకుళం, విజయనగరం మాట ఎత్తగానే నవ్వు పుట్టించాలనుకునే సినిమాలు చూసి చూసి విసిగినవారు మన జిల్లాల్లో ఇంటికొకరు ఉంటారు. చదువుకనో ఉద్యోగానికనో వేరే ఊరు వెళ్ళి, నోరు విప్పగానే పదిమంది నవ్విన అనుభవం ఉన్నవారికి ఆ దృశ్యం హాస్యంగా కనబడదు. ఆయనతో వాదానికి దిగకుండా ఒక్కటే అడగండి: "మన యాసతో నవ్విస్తుంటే మీకు ఎలా ఉంటుంది?" ఆయన చెప్పిన తరువాత, "నాకు ఈ సీరియల్ దగ్గర అలా ఉంటోంది" అనండి. ఎత్తిపొడుపుగా ధ్వనించకుండా చూసుకోండి. దెప్పితే ఆయన తనను తాను సమర్థించుకోవడంలో పడతారు, మీ సంగతి పక్కకు పోతుంది.

అత్తగారితో మాత్రం కొంచెం నిదానంగా మాట్లాడాలి. సీరియల్ నడుస్తున్న వేళ వద్దు, ఆ మరునాడు పొద్దున్నే కూడా వద్దు. మీరిద్దరే ఉన్న ఒక మధ్యాహ్నం, కూర తరుగుతున్నప్పుడో బియ్యం ఏరుతున్నప్పుడో, చేతులకు పని ఉన్న సమయంలో చెప్పండి. ఎదురెదురుగా కూర్చుని చెప్పే మాటల కంటే అలా చెప్పే మాటలు పెద్దవాళ్ళకు సులువుగా చేరతాయని నా నమ్మకం. "అత్తయ్యా, నేను మా నాన్నకి కిడ్నీ ఇస్తానన్నాను, ఆయన వద్దన్నారు. అది చూస్తుంటే నాకు అదే గుర్తుకొస్తోంది, అందుకే లేస్తున్నాను, మీ మీద కోపంతో కాదు" అంటే చాలు. మీరు ఆయనకు కిడ్నీ ఇస్తానన్న సంగతి ఆమెకు తెలుసో లేదో మీ ఉత్తరంలో లేదు. తెలియదనే నా అనుమానం. తెలిసి ఉంటే ఆమె నోట ఆ మాట వచ్చేది కాదేమో. చెప్పిన తరువాత ఆ వేళకు మీరు లేచి వంటింట్లో పని చూసుకుంటే అది మర్యాద తప్పడం కాదు. ఆ వేళకు టీవీ కట్టివేయమని మాత్రం అడగకండి, అది ఆమె రోజులో దొరికే వినోదం.

ఇప్పుడు అసలు బరువు సంగతి. మీరు ఇవ్వలేకపోయారన్న అపరాధభావం మీలో ఉన్నది. ఉత్తరంలో ఆ మాట రాయలేదు గాని, పాప ప్రశ్నకు నోరు పెగలకపోవడానికి అదే కారణమని నాకనిపిస్తోంది. నాడు మీ నాన్నగారు సరేనని ఉన్నా, ఏడాది నిండని బిడ్డకు తల్లి అయిన మిమ్మల్ని దాతగా తీసుకోవడానికి వైద్యులు తొందరపడి ఉండేవారు కారు. పైగా మీరు ఉద్దానంలో పుట్టి పెరిగారు. అక్కడి మూత్రపిండాల జబ్బు 1990ల నుంచి వైద్యుల దృష్టిలో ఉన్నా, దాని కారణం ఇంతవరకు తేలలేదు. నీళ్ళలో ఏదైనా ఉన్నదా, ఎండలో చెమటోడ్చే పని వల్లనా, పురుగుమందుల వల్లనా అన్న అనుమానాలు ఉన్నాయే గాని నిర్ధారణ లేదు. అటువంటి ప్రాంతం నుంచి వచ్చిన దాతను పరీక్షించేటప్పుడు ఆమెకు మిగిలే ఒక్క కిడ్నీ భవిష్యత్తు ఏమిటన్నది కూడా వైద్యులు చూడవలసి ఉంటుంది. కాబట్టి ఇస్తానన్న మాటకూ, ఇచ్చి ఆయనను బతికించడానికీ మధ్య మీ చేతిలో లేనివి చాలా ఉన్నాయి. వద్దన్నది మీ నాన్నగారు. తన ఒంటి మీద, తన కూతురి మీద తెలివిలో ఉన్న ఒక తండ్రి తీసుకున్న నిర్ణయం అది. దాన్ని మీ వైఫల్యంగా మార్చుకోవడం ఆయన మాటకు విలువ ఇవ్వకపోవడమే అవుతుంది. కొంచెం కఠినంగా చెప్పానేమో, కాని మెత్తగా చెబితే మీరు దీన్ని ఓదార్పు మాటగా తీసి పక్కన పెడతారని భయం.

సీరియల్ వేళకే కాక, రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడం, ఆసుపత్రి రోజులు కళ్ళ ముందు మళ్ళీ మళ్ళీ జరుగుతున్నట్లు ఉండడం, తిండి సహించకపోవడం వంటివి వారాల తరబడి ఉంటే మాత్రం దీన్ని ఉత్తరాలతో సరిపెట్టకండి. మానసిక ఆరోగ్యం కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు నుంచి నడుపుతున్న టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఫోన్ చేస్తే ఏ వేళనైనా, డబ్బు ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడవచ్చు.

పాపకు ఏమి చెప్పాలన్నది మిగిలింది. తొమ్మిది, పదేళ్ళ పిల్ల అనుకుంటాను, ఆ వయసుకు నిజం అర్థమవుతుంది. "నేను ఇస్తానన్నాను. తాతయ్యే వద్దన్నారు. నువ్వు అప్పటికి పాలు తాగే పిల్లవి, నీకు అమ్మ గట్టిగా ఉండాలని ఆయన అనుకున్నారు" అని చెప్పండి. నీ కోసమే ఆగిపోయానన్నట్లు మాత్రం వినిపించనివ్వకండి, తాతయ్య పోవడానికి తానే కారణమన్న ఆలోచన ఆ చిన్న తలలో పడకూడదు. అది తాతయ్య ఇష్టం అన్న దగ్గరే మాట ఆపండి. ఆ తరువాత ఆ పిల్ల తప్పకుండా ఇంకొకటి అడుగుతుంది: "నీకు కూడా వస్తుందా అమ్మా?" దానికి సిద్ధంగా ఉండాలంటే పాపతో మాట్లాడడానికి ముందే మీరు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు చేయించుకోండి. విజయనగరంలోనే అవుతాయి. అమ్మగారినీ, ఊళ్ళో అన్నదమ్ములు ఉంటే వారినీ పలాస తీసుకువెళ్ళమనండి, 2023 డిసెంబరు నుంచి అక్కడ మూత్రపిండాల జబ్బుల కోసమే 200 పడకల ఆసుపత్రి నడుస్తోంది. ఆ జబ్బు చాలాకాలం ఏ లక్షణమూ చూపదు కనుక బాగానే ఉన్నామన్న ధీమాతో మానవద్దు, ఏడాదికొకసారి చేయించుకోవడం మంచిది. ఫలితాలు చేతికి వచ్చాక, వైద్యులు ఏమి చెప్పారో అదే పాపకు చెప్పండి.